సుఖంగా ఉన్నవారిని కదిలించము

మా బావ బస్సు డ్రైవరు. అదే బస్సుకి నేను కండక్టర్ని. ఇరవై రెండేళ్ళుగా ఒకే డిపో, ఒకే రూటు, ఒకే డ్యూటీ చార్టు. మా అక్కని చేసుకున్నాక ఆయన నా డ్రైవరయ్యాడా, నా డ్రైవరయ్యాక అక్కని చేసుకున్నాడా అని అడిగితే డిపోలో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. నేను ‘రైట్ రైట్’ అంటే ఆయన కదులుతాడు, ‘హోల్డాన్’ అంటే ఆగుతాడు. ఇంట్లోనూ అదే అలవాటు. భోజనానికి లేవమని అక్క పదిసార్లు పిలిచినా ఉలకడు, పలకడు. నేను గుమ్మంలో నిలబడి ఒక్కసారి ‘రైట్ రైట్’ అంటే లేచి చేతులు కడుక్కుంటాడు. ఈ విషయంలో అక్కకి నా మీద చాలాకాలంగా గుర్రు.

ఆ అక్కకే గుండెలో కవాటం పాడైంది. మా మేనకోడలు వేరే దేశంలో పెద్ద ఆసుపత్రిలో నర్సు. తల్లిని పోయిన నెలే తన దగ్గరికి పిలిపించుకుంది. పరీక్షలన్నీ అయ్యాయి, ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చారు. అప్పుడు మా అక్క ఒక పంతం పట్టింది. “వాళ్ళిద్దరూ వచ్చి నా మంచం పక్కన నిలబడితే గానీ నేను ఆ గదిలోకి వెళ్ళను” అంది. మా అక్క వెళ్ళనంటే ఇక వెళ్ళదు. ఆపరేషను రేపు పొద్దున ఎనిమిదింటికి. ఎల్లుండి ఆ డాక్టరు ఊరు దాటితే మళ్ళీ రెండు నెలలకు గానీ రాడు. రెండు నెలలు ఆగే గుండె కాదిది అని ఆయనే చెప్పాడట.

అందుకని నేనూ బావా సెలవు పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కాం. దారిలో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. మొదటిది రెండు గంటలు ఆలస్యంగా చేరింది, రెండోది మమ్మల్ని వదిలేసి పోయింది. నాకు ఒళ్ళు మండింది. ఎక్కాల్సినవాళ్ళు పరుగెత్తుకొస్తుంటే ఒక్క నిమిషం హోల్డాన్ అనే దిక్కులేదా అంత పెద్ద బండికి? కౌంటర్లో అమ్మాయి నా కేకలన్నీ ఓపిగ్గా విని, టకటకా ఏవో మీటలు నొక్కి, సాయంత్రం ఆరింటి విమానంలో మొదటి తరగతి సీట్లు తప్ప ఇంకేవీ లేవంది. తప్పు వాళ్ళదే కాబట్టి అవే మాకిచ్చింది. రాత్రి పదకొండింటికల్లా చేరిపోతామంది. అప్పుడు పొద్దున్న తొమ్మిదయింది. “అంతవరకూ మొదటి తరగతి వాళ్ళ లాంజ్‌లో కూర్చోండి” అని దారి చూపించింది.

లాంజ్‌లోకి అడుగుపెట్టగానే నాకు చెవులు పోయాయేమో అనుకున్నాను. అంత నిశ్శబ్దం. కాలు పెడితే మడమ దాకా దిగిపోయే తివాచీ. అలవాటుకొద్దీ తలలు లెక్కపెట్టాను. నలభై రెండు కుర్చీలు, పదకొండు మంది మనుషులు. మా బండైతే ఇంత చోటులో నూట పాతికమందిని నిలబెట్టేవాణ్ణి. గడియారం ఒక్కటీ లేదు. ఏ విమానం ఎప్పుడో చెప్పే బోర్డూ లేదు. గోడ మీద మాత్రం బంగారు అక్షరాలతో ఒక పలక ఉంది. ‘సుఖంగా ఉన్నవారిని కదిలించము.’

బూడిదరంగు కోటు వేసుకున్న ఒకాయన చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

“నమస్కారమండి. నేను ఇక్కడ సుఖ పర్యవేక్షకుణ్ణి.”

“మంచిది బాబూ. ఇక్కడ మైకులో చెప్పరా, ఏ విమానం ఎప్పుడని?” అన్నాను.

“చెప్పమండి. మైకు శబ్దం మా అతిథులకి పడదు. మేమే దగ్గరికొచ్చి చెవిలో చెప్తాం.”

“తప్పకుండా చెప్తారుగా?”

“అతిథి సుఖంగా లేకపోతే తప్పకుండా చెప్తామండి.”

“సుఖంగా ఉంటే?”

“సుఖంగా ఉన్నవాళ్ళని ఎందుకండీ కదిలించడం?” అని నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసి నవ్వాడు. హాస్యమాడుతున్నాడనుకుని నేనూ నవ్వాను. నా బుద్ధి అంతే.

బావ అద్దాల గోడ పక్కనున్న పెద్ద తోలు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మామూలుగా టూల్ బాక్సు తలకింద పెట్టుకుని, బండి కింద నీడలో పడుకునే మనిషి. ఎవరో పక్కనున్న మీట నొక్కారు, కుర్చీ మెల్లగా వెనక్కి వాలి ఆయన కాళ్ళని పైకెత్తింది. ఒకమ్మాయి చెప్పులు విప్పి మెత్తటి జోళ్ళు తొడిగింది. ఇంకొకమ్మాయి దిండ్ల పట్టిక పట్టుకొచ్చింది. అందులో పదకొండు రకాలున్నాయి.

“ఏదో ఒకటి తేమ్మా” అన్నాడు బావ.

“ఏదో ఒకటి అనే రకం మా దగ్గర లేదండి” అని ఆ పిల్ల నొచ్చుకుంది. చివరికి నాలుగో నంబరు తెచ్చారు. తర్వాత వేడి సూపు వచ్చింది. తర్వాత అరికాళ్ళు పిసకడానికి ఒకతను వచ్చాడు. మధ్యమధ్యలో పర్యవేక్షకుడు పుస్తకం తెరిచి వంగి చూసి రాసుకుంటున్నాడు. “నుదురు, చదునుగా ఉంది. దవడ, వదులు. కాలివేళ్ళు, విచ్చుకున్నాయి.” గంట తిరక్కుండానే కుర్చీ చేతి మీద ఒక తెల్ల కార్డు నిలబెట్టాడు.

“ఇదేంటి?” అన్నాను.

“అభినందనలండి. వీరు సుఖపడ్డారు. ఇక వీరినెవరూ కదిలించరు.”

నన్ను కూడా పరీక్షించాడు. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. “మీ భుజాలు చెవులదాకా ఉన్నాయండీ.”

“ఇరవై రెండేళ్ళు సంచీ మోశానయ్యా. అవక్కడే ఉంటాయి.”

నిజానికి కూర్చుంటే నాకు తోచదు. బండిలో నా సీటు మీద కూడా నేను కూర్చున్నది తక్కువే. కాఫీ కప్పు పట్టుకుని గదంతా తిరిగాను. ఒక కుర్చీలో పెళ్ళిబట్టలు వేసుకున్న కుర్రాడున్నాడు. మెళ్ళో దండ ఎండిపోయి పుల్లలు మిగిలాయి. కార్డు తెల్లగా మెరుస్తోంది.

“ఈయన పెళ్ళికి బయల్దేరారండీ” అన్నాడు పర్యవేక్షకుడు నా వెనకే వచ్చి.

“ఎప్పుడు?”

“మూడేళ్ళ కిందట. చాలా సుఖమైన అతిథి.”

“మరి పెళ్ళికూతురి గతేంటయ్యా?”

“ఆవిడా వెతుక్కుంటూ వచ్చారండీ పాపం. అదిగో, ఆ రెండో కుర్చీలో. వచ్చినప్పుడు చాలా ఆవేశంగా ఉన్నారు. ఏడో నంబరు దిండిచ్చాం, సర్దుకున్నారు. ఇద్దరూ ఇంకా పలకరించుకోలేదు. అంత సుఖంగా ఉన్నారు.”

ఆ పక్క మూలలో టోపీ ముఖం మీద కప్పుకుని పడుకున్నాయన పైలట్ అట. ఆయన విమానం ఎక్కడుందని అడిగాను. అద్దంలోంచి వేలు పెట్టి చూపించాడు. దాని చక్రాల చుట్టూ మోకాలెత్తు గడ్డి పెరిగింది.

వెంటనే బావ దగ్గరికి వెళ్ళి చూశాను. కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నాడు. టైము పన్నెండే కాబట్టి పోనీలే, ఎన్నాళ్ళకో దొరికింది మనిషికి, అనుకున్నాను. అక్కకి జబ్బు తెలిసిన దగ్గర్నుంచీ ఆయన సరిగ్గా నిద్రపోలేదు. మధ్యాహ్నమంతా నేనే కాపలా కూర్చున్నాను, కాదు, నిలబడ్డాను. జేబులోంచి ఫోను తీసి పావుగంటకోసారి టైము చూసుకున్నాను. ఐదున్నరకి గేటు మూసేస్తారు. అక్కడికి నడక పది నిమిషాలు. నాలుగున్నరకి లేపుదామని నిర్ణయించుకున్నాను.

సరిగ్గా నాలుగున్నరకి “బావా, లే” అంటూ భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో గానీ పర్యవేక్షకుడు మధ్యలో దూరాడు.

“తమరు క్షమించాలి. కార్డున్న అతిథిని తోటివారు కూడా ముట్టుకోకూడదండి.”

“నా సొంత బావయ్యా!”

“ఆ పెళ్ళికూతురూ సొంత పెళ్ళికొడుకేనన్నారండీ.”

సరే, ముట్టుకోకుండానే లేపుతా చూడు అనుకున్నాను. రెండడుగులు వెనక్కి వేసి, గుండెల నిండా గాలి పీల్చి, బండి చివర్నుంచి ముందుకి వినబడేలా “రైట్ రైట్!” అని అరిచాను. గదంతా దద్దరిల్లింది. సూపు గిన్నె ఒకటి కిందపడింది. మూలనున్న పైలట్ ఉలిక్కిపడి లేచి, బెల్టు కోసం నడుం దగ్గర తడుముకుని, దొరక్క మళ్ళీ ఒరిగిపోయాడు.

బావ కదల్లేదు.

ఇరవై రెండేళ్ళలో నేను రైట్ అన్నాక ఆయన కదలకపోవడం అదే మొదటిసారి. వానలో, వరదలో, జ్వరంలో, బండి నిండా మనుషులు వేళ్ళాడుతున్నప్పుడు కూడా నా గొంతు వినబడితే ఆయన కాలు క్లచ్చి మీంచి లేచేది. నా తల తీసేసినట్టయింది. వంగి ముఖంలోకి చూశాను. రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. మనిషి మెలకువగా ఉన్నాడు.

ఇదంతా ఆ కుర్చీ మాయ అనుకున్నాను. మనిషిని ముట్టుకోకూడదన్నారు గానీ సుఖాన్ని చెడగొట్టకూడదని ఎవరూ అనలేదు కదా. దిండు లాగేశాను. ఇద్దరమ్మాయిలు పరుగున వచ్చి పన్నెండో నంబరు దిండు పెట్టారు. పట్టికలో లేనిదట, అత్యవసరాలకి దాస్తారట. ఆయన మీద చల్లగాలి తిరిగేలా మీట తిప్పాను, ఉన్ని దుప్పటి కప్పారు. చెవి దగ్గర చెంచాతో గ్లాసు కొట్టాను, చెవులకి దూది పెట్టారు. కుర్చీలో నల్లులున్నాయని గోల చేశాను. కుర్చీతో సహా ఎత్తి, నలుగురు మనుషులు ఆయన్ని పల్లకీలా మోసుకెళ్ళి ఇంకా మంచి చోట దించారు. అక్కణ్ణుంచి పూలతోట కనబడుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టైము ఐదయింది.

మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెవిలోంచి దూది పీకి, గొంతు తగ్గించి అడిగాను. “బావా, నీకు మెలకువ ఉందని నాకు తెలుసు. నీకేమైంది?”

కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు. “ఒరేయ్, మనం వెళ్ళకపోతే మీ అక్క లోపలికి వెళ్ళదుగా?”

“వెళ్ళదు. అందుకేగా లేవమంటున్నా.”

“లోపలికి వెళ్ళకపోతే కొయ్యరుగా?”

“కొయ్యరు.”

“కొయ్యకపోతే ఆ బల్ల మీద దానికేమీ కాదుగా?”

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పొద్దున్నుంచీ ఈ మనిషి సుఖపడుతున్నాడనుకుని నేను మురిసిపోయాను. కండక్టర్ని, ఏ ముఖం ఏ స్టేజీలో దిగుతుందో చూసి చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి, నా పక్కనున్న మనిషి భయం నాకు కనబడలేదు.

“బావా, ఆపరేషను చెయ్యకపోతే అక్క…”

“తెలుసురా. రెండు నెలలు ఆగదు. అదీ తెలుసు.” దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. “ఇక్కడ కూర్చున్నంతసేపూ అదీ జరగదు, ఇదీ జరగదు. ఇక్కడ ఏదీ జరగదంట, ఆ కోటాయన చెప్పాడు. ఇంకాసేపు ఉండనీరా.”

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి నాకు. కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యకుండా లేచి, గది చివరికి వెళ్ళి అక్కకి ఫోను చేశాను. నాలుగు మాటలు చీవాట్లు పెడితే లేస్తాడని నా ఆశ. రింగవుతోంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మేనకోడలూ ఎత్తలేదు, డ్యూటీలో ఉందేమో. టైము ఐదూ పది.

మా అక్క విషయంలో నేను బావకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

వెనక్కి వచ్చి మామూలు గొంతుతో అన్నాను. “అక్కతో మాట్లాడాను బావా. మనకోసం ఆగదట.”

రెప్పలు కదిలాయి.

“రేపు పొద్దున ఎనిమిదింటికి తనే లోపలికి వెళ్ళిపోతుందట. మీ బావకి అక్కడ సుఖంగా ఉంటే ఉండమను, నా కోసం ఎవరూ రానక్కర్లేదు, అంది.”

బావ కళ్ళు తెరిచాడు. “ఒక్కతేనా?”

“ఒక్కతే.”

“ఒక్కతే ఎలా వెళ్తుందిరా? చీకటంటే భయం దానికి. పక్కింటికి వెళ్ళాలన్నా తోడడుగుతుంది!”

మెత్తటి జోళ్ళలో ఆయన కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ మరుక్షణం ఎక్కడో గంట మోగింది. పర్యవేక్షకుడు పుస్తకం విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. “అయ్యయ్యో, వేళ్ళు! దవడ కూడా బిగిసింది! నుదురు చూడండమ్మా, నుదురు!” అమ్మాయిలందరూ దిండ్లు పట్టుకుని చుట్టూ మూగారు. బావ ఆ దిండ్లన్నిటినీ గేదె ఈగల్ని తోలినట్టు తోసేసి లేచి నిలబడ్డాడు. కార్డు కిందపడింది. పర్యవేక్షకుడు దాన్ని ఏరి జేబులో పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, ముందుకు వంగి బావ చెవిలో మెల్లగా అన్నాడు. “అయ్యా, మీ విమానం బయల్దేరబోతోందండీ.”

పరుగు లంకించుకున్నాం. పొడుగాటి నడవ, అటూ ఇటూ మూసి ఉన్న తలుపులు. బావ ఇంకా ఆ మెత్తటి జోళ్ళలోనే ఉన్నాడు, అవి ప్రతి అడుగుకీ జారుతున్నాయి. వెనకాల పర్యవేక్షకుడు ఒక చేత్తో బావ చెప్పులు, ఇంకో చేత్తో దిండు పట్టుకుని, “పదమూడో నంబరుందండీ, ఒక్కసారి ప్రయత్నించండి” అంటూ వస్తున్నాడు. గేటు దగ్గరికి చేరేసరికి ఐదూ ఇరవై ఐదు. మా ముందు ఇద్దరే ఉన్నారు.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. అక్క.

ఎత్తకూడదనుకున్నాను. దాన్ని జేబులోకి తోసేలోపు బావ లాక్కున్నాడు.

“ఏరా తమ్ముడూ, ఏంటి రెండుసార్లు చేశావు? స్కానింగుకి తీసుకెళ్ళారు నన్ను. ఎక్కడున్నారు?” అక్క గొంతు నాకూ వినబడుతోంది.

“నేనేనే” అన్నాడు బావ రొప్పుతూ. “విమానం ఎక్కబోతున్నాం.”

బావ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

“ఏంటే, మాట్లాడవు? మాకోసం ఆగనన్నావట. ఒక్కదానివే వెళ్తానన్నావట.”

“నేనా? ఎవరితో అన్నాను? పొద్దున్నుంచీ నేను మీతో మాట్లాడిందే లేదు. మీరిద్దరూ రాకుండా నేనెందుకు వెళ్తాను?” అక్క గొంతు సన్నబడింది. “అప్పుడే ఎక్కేస్తున్నారా? ఇరవై రెండేళ్ళలో మీ బండి ఒక్కరోజన్నా టైముకొచ్చిందా? మీరొచ్చేలోపు ఆ డాక్టరు వెళ్ళిపోతాడు, ఇంకెవరూ నన్ను బలవంతపెట్టరనుకున్నాను. అందుకే ఆ మాటన్నాను. ఇలా నిజంగా వచ్చేస్తారనుకోలేదు.”

ఏడుస్తోంది. మా అక్క ఏడవడం నేను విని ఎన్నేళ్ళయిందో.

బావ తలెత్తి నా వైపు చూశాడు. నా అబద్ధం ఆయన కళ్ళముందే విప్పుకుపోయింది. తల దించుకున్నాను. ఇక ఆయన వెనక్కి తిరిగినా నేను ఆపలేను. నడవ చివర లాంజ్ తలుపు తెరిచే ఉంది, లోపలి పసుపు దీపాలు కనబడుతున్నాయి. నాలుగడుగుల దూరంలో కోటాయన దిండుని రెండు చేతులతో గుండెలకి హత్తుకుని, ఆశగా నిలబడ్డాడు. ఆమెకి వెళ్ళాలని లేదు, ఈయనకి తీసుకెళ్ళాలని లేదు. మధ్యలో వెధవనయ్యింది నేనొక్కణ్ణే.

బావ కాసేపు ఆ తలుపు వైపే చూశాడు. తర్వాత ఫోను నోటికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఏమే, నాకూ భయంగానే ఉంది. పొద్దున్నుంచీ ఒక కుర్చీలో దాక్కున్నాను. మీ తమ్ముడు అబద్ధమాడి లేపాడు.”

“అయితే ఇప్పుడు నిజం తెలిసిందిగా” అంది అక్క. “మళ్ళీ వెళ్ళి కూర్చుంటావా?”

గేటు దగ్గరి అమ్మాయి చెయ్యి చాపి నిలబడింది. మా వెనక ఎవరూ లేరు. బావ ఆ చెయ్యి వైపు ఒకడుగు వేశాడు.

“కూర్చోనులే. వస్తున్నా. ఏడవకు. నేనొచ్చాక భయపడుదువుగాని.”

ఫోను నాకిచ్చేసి, టిక్కెట్టు తీసి మిషను మీద పెట్టబోయాడు. పెట్టలేకపోయాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి. మిషను ఎర్రగా వెలిగింది, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఎర్రగానే వెలిగింది. ఆ చేతుల వెనక ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను నేను, అవి వణకడం ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని, పచ్చగా వెలిగేదాకా అలాగే ఉంచాను.